ఎడమ పాదం మీద నీలి ఇంటు గుర్తు

పోయిన సంవత్సరం ఆషాఢంలో మొదటి మంగళవారం, పగలు పదకొండుంబావుకు ఇది మొదలైంది. టైము ఇంత కచ్చితంగా ఎలా తెలుసంటే, పదకొండుకు పాఠం ఆపి పిల్లలను జతలుగా కూర్చోబెట్టాను. వాళ్ళు సర్దుకునేసరికి పావుగంట పట్టింది.

రాత్రి కాదు. కరెంటు పోలేదు. వాన కూడా లేదు. దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషను దగ్గరి సందులో, మూడో అంతస్తులో, ట్యూబ్‌లైట్లన్నీ వెలుగుతున్న క్లాసు గదిలో, పద్నాలుగు మంది మధ్య జరిగింది.

నా సంగతి ముందు చెప్పాలి. అప్పటికి నాకు అరవై ఏడేళ్ళు. ఒక ప్రభుత్వ ఆసుపత్రి రికార్డుల సెక్షన్లో ముప్పై ఒక్క సంవత్సరాలు పనిచేశాను. పోయినవాళ్ళ కేసు కాగితాలు కట్టలు కట్టి బీరువాల్లో సర్దడం నా పనిలో భాగం. మార్చురీ మా గదికి పక్కనే. చీకటి పడ్డాక ఆ వరండాలోంచే ఇంటికి వెళ్ళేదాన్ని. ఏనాడూ ఏమీ కనపడలేదు, వినపడలేదు. ఎవరైనా దయ్యం కథ చెప్పబోతే ఏ తేదీ, ఎన్ని గంటలకు, పక్కన ఎవరున్నారు అని అడిగేదాన్ని. కథ అక్కడితో ఆగిపోయేది. అవే ప్రశ్నలు ఇప్పుడు నాకు నేను వేసుకుని రాస్తున్నాను.

రిటైరయ్యాక మెడికల్ కోడింగ్ నేర్చుకుని, ఆ పరీక్ష రాసి, అదే పాఠం చెప్పడం మొదలుపెట్టాను. అమెరికా ఆసుపత్రుల్లో డాక్టర్లు రాసింది చదివి, ప్రతి జబ్బుకూ దాని కోడ్ వేయడం ఆ పని. కోడ్ సరిగ్గా ఉంటేనే అక్కడి ఇన్సూరెన్సు కంపెనీ బిల్లు కడుతుంది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఈ చదువు చెప్పే గదులు సందుకు రెండు ఉంటాయి.

మా పనిలో ఒక నియమం ఉంది. డాక్టరు రాయనిది జరగలేదు. రోగి ఏడ్చినా, కుంటినా, కాగితం మీద లేకపోతే మాకు లేనట్టే. డాక్టరును ఓపీలో చూపించుకుని వెళ్ళిపోయిన రోగి కాగితంలో ‘అనుమానం’ అనో ‘కావచ్చు’ అనో ఉంటే ఆ జబ్బు కోడ్ వేయకూడదు. నొప్పి ఉంటే నొప్పి అని వేసి వదిలేయాలి. ఈ నియమాన్ని ఏడేళ్ళలో ఎంతమంది చేత వల్లె వేయించానో చెప్పలేను.

ఆ మంగళవారం పాఠం, పాదంలో ఎముక చచ్చిపోవడం. ఎముకకు రక్తం అందకపోతే లోపల్లోపలే చచ్చిపోతుంది. పైన చర్మం మామూలుగా ఉంటుంది. మనిషి దాని మీదే నడుస్తూ ఉంటాడు. కోడ్‌లో చివరి అంకె నాలుగైతే కుడి పాదం, అయిదైతే ఎడమ, ఆరైతే ఏ పాదమో డాక్టరు రాయలేదని అర్థం. పాదంలో ఏ ఎముక అన్నది కోడ్‌కు అక్కరలేదు. అయినా నేను ఎముకలన్నీ చెబుతాను. చేత్తో తాకి చూడని ఎముక పేరు పరీక్ష మర్నాడే మరిచిపోతారు.

నా పద్ధతి ఇది. ఇద్దరిద్దరు ఎదురెదురుగా కూర్చోవాలి. ఒకరు చెప్పు విప్పి పాదం ఎదుటి కుర్చీ మీద పెట్టాలి. రెండోవారు బొటనవేలితో నొక్కి, ఎముక పేరు చెప్పి, దాని మీద పెన్నుతో చుక్క పెట్టాలి. ఆ రోజు చుక్కలు మాత్రమే. చచ్చిపోయిన ఎముకకు ఇంటు గుర్తు పెట్టించడం రెండో రోజు పని, అప్పుడు కేసు కాగితాలు చేతికిస్తాను.

ఎదుటివాళ్ళ పాదం తాకడమంటే మనవాళ్ళకు ఊరికే కాదు కదా. నల్గొండ వైపు నుంచి వచ్చిన నరేష్‌కు జత కవిత, ఇద్దరు పిల్లల తల్లి. ఆమె పాదం తాకగానే చెయ్యి కళ్ళకద్దుకున్నాడు.

“దీవించు అక్కా, ఉద్యోగం రావాలె.”

“ముందు గోళ్ళు తీసుకో తమ్మీ, గుచ్చుకుంటున్నయ్. దీవెన ఎనుక చూద్దం.”

“అట్లనే. నా వంతు ఒచ్చినప్పుడు నువ్వు ముక్కు మూసుకోవద్దు మరి.”

“మూసుకోనియ్యి. మేడం, సాక్సుల వాసనకు కోడేమన్న ఉన్నదా?”

గదిలో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. వారంలో నేను నవ్వేది ఆ గదిలోనే.

ఇది కూడా చెప్పాలి, లేకపోతే తర్వాతది అర్థం కాదు. ఎల్బీ నగర్‌లో ఒక కాలనీలో కింది పోర్షన్‌లో కిరాయికి ఉంటాను. మా ఆయన పోయి తొమ్మిదేళ్ళు. పిల్లలు లేరు. శనివారం క్లాసు అయ్యాక మెట్రో దిగి ఇంటికి వస్తే, మళ్ళీ సోమవారం పొద్దున దాకా నా గొంతు నాకే వినపడదు. పాలవాడు కూడా ప్యాకెట్టు తలుపు గడియకు తగిలించి వెళ్ళిపోతాడు. మూడో అంతస్తు ఎక్కి ఆ గదిలోకి వెళ్ళగలిగినంత కాలం నేను మనుషుల్లో ఉన్నట్టు. ఎక్కలేని రోజు ఏమవుతుందో నాకు ముందే తెలుసు.

పద్నాలుగు మంది, ఏడు జతలు. అందరికీ జత కుదిరింది. మామూలుగా నేను జతల మధ్య తిరుగుతూ ఉంటాను. ఆ రోజు ఎందుకో వెనక వరసలో ఖాళీగా ఉన్న కుర్చీలో కూర్చున్నాను.

ఎదుటి కుర్చీలో ఒకావిడ ఉంది. వచ్చి కూర్చోవడం చూడలేదు. యాభై ఏళ్ళుంటాయి. నేత చీర, బూడిద రంగు. అంచు ఏ రంగో గుర్తులేదు. రంగులు గుర్తుపెట్టుకునేదాన్నే, కానీ అది గుర్తులేదు. మల్లెపూల వాసన లేదు, సాంబ్రాణి వాసన లేదు. ఏ వాసనా లేదు. చేరే ముందు ఉచితంగా పాఠం విని వెళ్ళే డెమోవాళ్ళు అప్పుడప్పుడు వస్తుంటారు. వాళ్ళలో ఒకరనుకున్నాను.

ఆవిడ వంగి నా ఎడమ చెప్పు విప్పి, పాదం ఎత్తి ఒళ్ళో పెట్టుకుంది. అడగలేదు. చెప్పుల కొట్టులో కుర్రాడు కొలత కోసం కాలు పట్టుకున్నంత మామూలుగా పట్టుకుంది.

వెనక్కి తీసుకోవాల్సింది. తీసుకోలేదు. కాళ్ళు వాచిన రోజుల్లో ఆయన కొబ్బరినూనె రాసేవారు. ఆయన తర్వాత నా పాదాన్ని తాకిన మనిషి లేరు. ఆవిడ చెయ్యి పొడిగా, వెచ్చగా ఉంది. కాసేపు పాఠం సంగతే మరిచిపోయాను.

పాదం లోపలి అంచున, వంపుకు పైన, నావిక్యులర్ అనే చిన్న ఎముక ఉంటుంది, పడవ ఆకారంలో. ఆవిడ బొటనవేలు నేరుగా అక్కడికి వెళ్ళింది. నొక్కింది. తర్వాత పెన్ను ఆనడం తెలిసింది, ఇటొక గీత, అటొక గీత.

“ఈ రోజు చుక్క పెట్టాలమ్మా. ఇంటు గుర్తు రేపటి పాఠం,” అన్నాను. ఎవరు తప్పు చేసినా దిద్దడం నాకు అలవాటు.

“నాకెర్కే,” అంది. “ఇది సచ్చింది. నొప్పి ఎనుక ఒస్తది. నడుసుడు బంద్ వెట్టు.”

ఇంతే. గొంతులో భయపెట్టడం లేదు. జాలి కూడా లేదు. అప్పుడే ముందు వరస నుంచి శ్రావణి పిలిచింది. సరూర్‌నగర్ పిల్ల, క్లాసులో అందరికంటే చురుకు. “మేడం, ఈ ఎముక క్యూబాయిడా కాదా, జర చూస్తరా?” అటు తిరిగి, అవునని చెప్పి, ఇటు తిరిగేసరికి ఎదుటి కుర్చీ ఖాళీ. నా పాదం ఆ కుర్చీ మీద ఉంది.

ఆ గదికి ఒకటే తలుపు, బోర్డు పక్కన. బయటికి పోవాలంటే ఏడు జతల మధ్య నుంచి, కుర్చీలు జరిపించుకుని పోవాలి.

క్లాసు అయ్యాక ముందు గదిలో ఫోన్లు ఎత్తే అమ్మాయిని అడిగాను.

“డెమోకా? ఇయ్యాల ఎవ్వరు రాలే మేడం. మీ ఎముకల పాఠానికి డెమో పెడ్తే ఉన్నోళ్ళు గూడ పారిపోతరని మన సెంటర్ సారు పెట్టనియ్యడు.”

శ్రావణిని అడిగాను. “మీరు ఒక్కరే కూసున్నరు మేడం. కాలు కుర్చీ మీద పెట్టుకున్నరు. మీరేందో అంటున్నరు, మాకు చెప్తున్నరనుకున్న.”

అరవై ఏడేళ్ళ మనిషి, పొద్దున ఒక ఇడ్లీ తిని వచ్చింది, కూర్చుని కునుకు తీసింది, కలగన్నది. ఇదే అనుకుని ఇంటికి వచ్చాను. స్నానానికి కూర్చున్నప్పుడు చూశాను. ఎడమ పాదం లోపలి అంచున నీలి ఇంటు గుర్తు ఉంది.

నేను వాడేది ఎర్ర పెన్ను, దిద్దడానికి. నా సంచిలో నీలి పెన్ను ఉండదు. పైగా నా మోకాళ్ళతో ఆ చోటు వంగి అందుకోవడమే గగనం. ఇది పిల్లల పని కావచ్చా అనీ ఆలోచించాను. మేడం కాలి మీద గీతలు గీసే ధైర్యం నరేష్‌కు కూడా లేదు. సబ్బుతో రుద్దితే మసకబారింది. మూడో రోజుకు పూర్తిగా పోయింది. నాకూ నిమ్మళంగా అనిపించింది.

మూడు వారాలకు నొప్పి వచ్చింది. అక్కడే.

మొదట మెట్లు దిగేటప్పుడు, తర్వాత ఎక్కేటప్పుడు కూడా. ఎల్బీ నగర్‌లోనే ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఎక్స్‌రే మామూలుగా ఉంది. ఆయన ఫిల్ము రెండుసార్లు చూశారు. “ఒక్కోసారి ఎముకకు రక్తం ఆగిపోయినా మొదట్లో ఎక్స్‌రేలో తెలియదమ్మా. అనుమానం ఉంటే ఎమ్మారై చేయిద్దాం. తొందరేం లేదు, మీ ఇష్టం,” అన్నారు. చీటీ మీద మాత్రం ‘ఎడమ పాదం నొప్పి’ అనే రాశారు.

ఆ చీటీ పట్టుకుని బయటికి వచ్చి ఆటోలో కూర్చున్నాక నేను చేసిన పని ఇంకెవరూ చేయరేమో. మనసులో కోడ్ వేసుకున్నాను. నొప్పి, ఎడమ పాదం. అంతకు మించి కాగితం మీద లేదు. లేనిది లేనట్టే.

నిజానికి ఎమ్మారై చేయించుకుంటే ఏం రాస్తారో నాకు తెలుసు. ఆ తర్వాత ఏం చెబుతారో కూడా తెలుసు. కాలు కింద పెట్టొద్దు, మెట్లు ఎక్కొద్దు అంటారు. మా బిల్డింగులో లిఫ్టు వారంలో సగం రోజులు పనిచేయదు. అంటే గది, పిల్లలు, నవ్వులు అన్నీ ఆగిపోతాయి. రాయించుకోకపోతే ఇంకో నాలుగు రోజులు నడవవచ్చు.

అలా నాలుగు నెలలు నడిచాను. శ్రావణి ఊరుకోలేదు.

“కుంటుతున్నరు మేడం.”

“చెప్పు కరుస్తోంది.”

“చెప్పు ఎడమ కాలికే కరుస్తదా? రెండు నెలల సంది కరుస్తనే ఉన్నదా?”

“డాక్టరు నొప్పి అని రాశాడమ్మా. నొప్పే.”

“ఆ కాలు మీద నడిచేది మీరు మేడం, కాయిదం కాదు,” అంది కోపంగా. అన్నందుకు వెంటనే నాలిక కరుచుకుంది.

కార్తీకంలో ఒక శుక్రవారం పొద్దున దిల్‌సుఖ్‌నగర్ స్టేషన్లో మెట్రో దిగబోతూ ఎడమ కాలు ఆన్చలేకపోయాను. లోపల ఏదో నలిగినట్టయింది. తలుపు దగ్గర జనం నన్ను పట్టుకున్నారు. ఫోన్ చేస్తే శ్రావణి పరుగెత్తుకొచ్చింది. నన్ను మళ్ళీ ఎల్బీ నగర్ తీసుకువచ్చి, స్కానింగ్ సెంటర్లో చేర్చి, బయట కూర్చుంది.

ఎమ్మారైకి ముందు, నొప్పి ఉన్న చోట ఒక మందు గోలీ పెట్టి టేపు అంటిస్తారు. ఫోటోలో అది తెల్లగా కనపడి చోటు తెలుస్తుంది. టెక్నీషియన్ పాతికేళ్ళ కుర్రాడు. మెషీను బల్ల మీద పడుకున్నాను. నా పాదం దగ్గర గోలీ పట్టుకుని ఆగాడు.

“మేడం, మార్కింగ్ ఎవరు పెట్టిన్రు? ఇది మేం పెడతం గదా.”

“ఏ మార్కింగ్ బాబూ?”

“ఇంటు గుర్తు. బ్లూ పెన్నుతోని. ఇగో, గీడ.”

లేచి కూర్చోబోయాను. కదలొద్దన్నాడు. బతిమాలితే భుజం కింద చెయ్యి వేసి లేపాడు. ఉంది. మొదటి రోజంత ముదురుగా కాదు, కానీ ఉంది. నాలుగు నెలలు రోజూ స్నానం చేశాను. నొప్పి మొదలైన దగ్గర నుంచి ఆ చోట మందు రాస్తున్నాను. అంతకు ముందు రోజు రాత్రి కూడా రాశాను. అప్పుడు ఈ గుర్తు అక్కడ లేదు.

“బాబూ, ఇది నీకు కనపడుతోందా?”

“కనవడకుంటె ఎందుకు అడుగుత మేడం?”

“రిపోర్టులో రాస్తావా? చర్మం మీద గుర్తు ఉందని, నువ్వు చూశావని.”

నవ్వాడు. “అది రిపోర్టుల రాయరు మేడం. ఎముకలే రాస్తరు.” గోలీ సరిగ్గా ఆ ఇంటు మధ్యలో పెట్టి, టేపు వేశాడు.

స్కాను అయ్యాక టేపు పీకితే కింద చర్మం మీద ఏ గుర్తూ లేదు. టేపుకు అంటుకుందేమోనని అడిగి తీసుకుని చూశాను. టేపు మీద కూడా ఏమీ లేదు. కుర్రాడు భుజాలు ఎగరేసి, తర్వాతి పేషెంటును పిలిచాడు.

రిపోర్టులో ఇలా ఉంది. ఎడమ పాదం, నావిక్యులర్, రక్తప్రసరణ ఆగి ఎముక చచ్చిపోయింది, కుంగిపోయింది. నేను వేరే వాళ్ళకు నేర్పించే మాటలే. డాక్టరుకు ఆ నాలుగు నెలల సంగతి చెప్పాను. “అప్పుడే బరువు ఆపి ఉంటే కుంగకుండా ఆగేదేమో. ఆగేదని గట్టిగా చెప్పలేను,” అన్నారు. చచ్చిన భాగం తీసి, తుంటి నుంచి ఎముక తెచ్చి పెట్టి, చుట్టూ కీళ్ళు స్క్రూలతో కదలకుండా బిగించారు.

ఎముక ఎందుకు చచ్చిపోయిందో దొరకలేదు. షుగర్ లేదు. స్టెరాయిడ్ మందులు వాడలేదు. దెబ్బ తగల్లేదు. కారణం తెలియకుండా ఎముక చచ్చిపోతే దానికీ మా పుస్తకంలో ఒక కోడ్ ఉంది. నాకు అదే వేశారు, చివరి అంకె అయిదు.

నాకు తోచిన సమాధానాలు అన్నీ ఆలోచించాను. నొప్పి రాకముందే ఒంటికి లోపల తెలిసి, మెదడు ఒక మనిషిని కల్పించి ఉండవచ్చు. అప్పుడు నీలి సిరా ఎక్కడిది? ఎవరి పెన్నో కుర్చీ మీద పడి అంటుకుని ఉండవచ్చు. అప్పుడు రెండు గీతలు సరిగ్గా ఆ ఎముక మీదే ఎలా దాటుకున్నాయి? టెక్నీషియన్ కుర్రాడు నన్ను ఆట పట్టించాడనుకుందామా? నేనే కళ్ళారా చూశాను. ఆ బిల్డింగు ఓనర్ను కూడా అడిగించాను. ఆ అంతస్తులో ఎవరూ పోలేదు. మా క్లాసు రాకముందు అక్కడ నోటు పుస్తకాల స్టాకు పెట్టేవారట. అంతకంటే ఏమీ లేదు.

దయ్యం అనడానికి నాకు ఇప్పటికీ నోరు రాదు. కాదనడానికి కూడా నా దగ్గర ఏమీ లేదు. ఎవరో వచ్చి, వేళ మించకముందు, నడక ఆపమని చెప్పారు. అంత స్పష్టంగా చెప్పినా, డాక్టరు రాయలేదన్న మాట పట్టుకుని నడిచాను. ఇప్పటికీ మంగళవారం పదకొండు దాటాక ఇంట్లో నా ఎదుటి కుర్చీలో బట్టలు ఉంటే తీసేసి ఖాళీగా ఉంచుతాను. ఎవరూ రాలేదు.

పోయినవి ఇవి. ఎడమ పాదంలో ఒక ఎముకలో సగానికి పైగా. పాదం పక్కలకు తిరిగే కదలిక, పూర్తిగా. మూడంతస్తుల మెట్లు. ఉద్యోగం. ఇప్పుడు నా చోట చెప్పే అబ్బాయి పాదం పాఠం స్క్రీన్ మీద బొమ్మతో ముగిస్తాడట. పద్నాలుగు మందిలో పదమూడు మంది, ఉద్యోగాలు వచ్చి తలో దిక్కు వెళ్ళారు. శ్రావణి హైటెక్ సిటీలో చేరింది. మొదట్లో ఆదివారాలు వచ్చేది, ఇప్పుడు ఫోన్ చేస్తుంది, అదీ నెలకోసారి. ఆ పిల్ల వచ్చే ఆదివారాలు, అన్నీ. ఆ వెచ్చటి చెయ్యి ఎవరిదో అడిగి తెలుసుకునే వీలు. ఆ రోజు పాదం ఒళ్ళో ఉన్నంతసేపూ ఆవిడ పేరు అడగలేదు, ఆవిడ తప్పు దిద్దాను.